వాగు అవతలి గట్టు

వానలు ముదిరేలోపు ఆ రెడ్‌వుడ్ మహావృక్షాల అడవి పార్కులో వాగు మీది చెక్క వంతెన విప్పేస్తారు. లేదంటే వరద ఎత్తుకుపోతుంది. విప్పే ముందు ఒకరు అవతలి గట్టుకెళ్లి, కాలిబాటలో ఎవరైనా మిగిలారేమోనని మూడుసార్లు గట్టిగా పిలిచి, పది నిమిషాలు ఆగి రావాలి. పాతికేళ్లుగా ఆ పని పార్కు ఉద్యోగి వెండెల్‌దే.

పోయినేడు వెళ్లలేదు. చినుకులు, మోకాలు సలుపు, ట్రక్కులో వేడి కాఫీ. ‘ఈ వానలో ఎవడొస్తాడులే’ అనుకున్నాడు మహానుభావుడు. నాలుగో రోజున లొరెట్టా అనే టీచరమ్మ దిగువన దుంగల మధ్య శవమై దొరికింది. వంతెన లేక వాగులో దిగిందట. విచారణలో, “పిలిచాను, ఎవరూ పలకలేదు” అని చెప్పేశాడు. ఆనాటి నుంచి తిండి సయించదు, కంటి మీద కునుకు లేదు.

ఈసారి కొత్తగా చేరిన మారిసెలా తోడొచ్చింది.

“ఏం పెద్దాయనా, నేను వెళ్లిరానా? నీ మోకాలు మళ్లీ అలుగుతుందేమో!”

“చాల్లే అమ్మాయ్. నేనే వెళ్తా.”

మధ్యాహ్నం మూడే. అయినా పొగమంచు చెట్ల మొదళ్ల దాకా దిగి చీకటి చేసింది. తడి బెరడు వాసన, కుళ్లిన ఆకుల వాసన. వెండెల్ వంతెన దాటి మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఇక ఆపుకోలేకపోయాడు.

“అమ్మా... పోయినేడు నేను పిలవలేదు. అబద్ధమాడాను. క్షమించు తల్లీ.”

వాగు చప్పుడు ఆగిపోయింది.

“తెలుసు...” చెవి పక్కనే ఆడగొంతు. “నన్నొక్కదాన్నే తీసుకెళ్లారు... నాతో పాటు దిగిన ఈవిడ ఇంకా నీళ్లలోనే ఉంది.”

“ఎ... ఎవరు?”

వాగు మళ్లీ హోరెత్తింది. పడుతూ లేస్తూ ఇవతలికొచ్చి రేడియో అందుకున్నాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ఊళ్లో తలెత్తుకోలేడు. అయినా బటన్ నొక్కాడు.

“పోయినేడు నేను అవతల పిలవలేదు. ఇంకొకావిడ కూడా పోయింది. దిగువన వెతకాలి.”

మారిసెలా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “పిలవలేదా? అయ్యో, ఎంత పని చేశావయ్యా!” అంది గుసగుసగా.

రేడియోలో ఆఫీసు మనిషి, “ఎవరి కోసం వెతకాలి? పేరు చెప్పు” అన్నాడు.

వెండెల్‌కి తెలియదు. తెలియదనే చెప్పబోయాడు.

అంతలో అదే రేడియోలో ఒక ముసలి ఆడగొంతు, మధ్యమధ్య నీళ్లు మింగుతూ, తన పేరు చెప్పడం మొదలుపెట్టింది...