నెట్టా వంద లెక్కపెట్టింది

రాత్రి డ్యూటీ ముగించుకుని సుహైలా ఇల్లు చేరేసరికి పొద్దున ఎనిమిదైంది. హైఫాలో కొండ మీద ఇల్లంటే వినడానికి బాగానే ఉంటుంది. పన్నెండు గంటలు ఆస్పత్రిలో నిలబడి వచ్చి ఎనభై మెట్లెక్కేవాళ్ళని అడగాలి. బూట్లు విప్పి, పొయ్యి మీద యాలకుల కాఫీ పెట్టి, అది పొంగేలోపు ఫోన్ తీసింది. తీయకుండా ఉండాల్సింది.

కుటుంబం గ్రూపులో అరవై ఒక్క మెసేజ్‌లు. పొద్దునపూట అందులో గులాబీల బొమ్మలు, దువాలు తప్ప ఏమీ ఉండవు. ఇవాళ పద్నాలుగు సెకన్ల వీడియో ఉంది. అందులో ఆమె కూతురు లమీస్ యూనివర్సిటీ గదిలో, గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని హీబ్రూలో చెబుతోంది. “నా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. ఫోన్ మోగితే నా చేతులు చల్లబడిపోతాయి. వాడు బతికి రావాలి. ఇంకేం అక్కర్లేదు నాకు.”

లమీస్‌కి తమ్ముళ్ళు లేరు. వాళ్ళ పాలస్తీనా ఇంట్లో తాతల నాటినుంచీ ఆ సైన్యంలో చేరినవాళ్ళెవరూ లేరు. ఆ సైన్యం వేసే బాంబులకే గాజాలో సుహైలా పిన్ని పిల్లలు ఇల్లు పోయి గుడారంలో ఉంటున్నారు. వీడియో కింద ఒక మేనత్త రాసింది: “సుహైలా, కొడుకు పుట్టాడని చెప్పనేలేదే? యూనిఫాంతోనే పుట్టాడా?”

కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

“ఏంటే ఇది?” అంటూ, పళ్ళు తోముకుంటూ వచ్చిన లమీస్ ముందు ఫోన్ పెట్టింది.

లమీస్ నోట్లోంచి బ్రష్ తీసింది. “ఎవరు తీశారిది? గదిలో ఫోన్ తీయకూడదు. అది రూలు.”

“నీ రూలుని నలభై మూడు మంది చూశారు. మీ అమ్మమ్మ చెల్లెలు రెండుసార్లు చూసిందట.”

రెండేళ్ళ క్రితం లమీస్, నెట్టా అనే యూదు అమ్మాయి కలిసి మొదలుపెట్టిన పని అది. ప్రతి గురువారం సాయంత్రం పాలస్తీనా పిల్లలూ, యూదు పిల్లలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. లెక్చరర్లెవరూ ఉండరు. యుద్ధానికి ముందు ఇరవై రెండు మంది వచ్చేవాళ్ళు, ఇప్పుడు ఏడుగురు. ఆ ఏడుగురిలో ఒకడు బిస్కెట్ల కోసం వస్తాడని లమీసే చెప్పింది.

“ఇవాళ గురువారం కదా. వెళ్ళకు,” అంది సుహైలా, కుర్చీలో కూలబడి. “తప్పని కాదు, ఒప్పని కాదు. నాకు ఓపిక లేదే. వార్డులో ఒకడు అరబ్బుదాని చేత్తో ఇంజెక్షన్ వద్దంటాడు, ఇంటికొస్తే వీళ్ళు. ఇద్దరికీ నేనే సమాధానం చెప్పుకోవాలి.”

“నేను వెళ్ళకపోతే ఇవాళ్టితో ఆగిపోతుందమ్మా. ఈ వీడియో చూశాక మనవాళ్ళు మిగతా ఇద్దరూ భయపడతారు. నేను కూర్చుంటేనే వాళ్ళూ కూర్చుంటారు.”

“ఆగిపోతే ఏమవుతుంది? ఇన్నాళ్ళు జరిగితే ఏమైంది?”

లమీస్ పుక్కిలించడానికి సింకు దగ్గరికి నడిచింది. నోట్లో టూత్‌పేస్ట్ ఇంకా ఉంది.

తొమ్మిదింటికి లమీస్ పెదనాన్న సాబిర్ వచ్చాడు, వెనకాలే షాపు మూసేసి లమీస్ నాన్న అద్నాన్. సాబిర్ కూర్చోలేదు. కూర్చోలేదంటే కోపం పెద్దదే. బాల్కనీ గుమ్మంలో ఎనభై రెండేళ్ళ నానమ్మ, చిన్న కత్తితో బెండకాయల తొడిమలు తీస్తూ తలెత్తకుండానే అంది, “ఏరా, పొద్దున్నే ఎవరు పోయారు?”

“పరువు పోయిందమ్మా.” సాబిర్ లమీస్ వైపు ఫోన్ చాచాడు. “ఇదిగో, రికార్డు నొక్కుతున్నాను. సిగ్గుపడుతున్నాను, ఆ గుంపు మానేశాను అని చెప్పు. రెండు ముక్కలు. గ్రూపులో నేనే పెడతా.”

“అవి నా మాటలు కావు పెదనాన్నా. నెట్టావి. మా దగ్గర పద్ధతి అది. ఎదుటివాళ్ళ కథ విని, దానికి జవాబు చెప్పే ముందు దాన్ని ‘నేను’ అంటూ మనం తిరిగి చెప్పాలి. వాళ్ళు విని, సరిగ్గా చెప్పావంటేనే మన వంతు.”

“గాజాలో పిల్లలు చస్తుంటే నువ్వు వాళ్ళ తమ్ముడికి నోరు అరువిచ్చావు.”

“అది కూడా చెప్పాను అక్కడ. గుడారం సంగతి, అన్నీ. ఈ పద్నాలుగు సెకన్లే పంపారు ఎవరో.”

“అన్నా, కాస్త కూర్చో,” అన్నాడు అద్నాన్ నీరసంగా. తర్వాత కూతురితో, “అమ్మా, చెప్పేయరాదూ. షాపుకొచ్చిన ప్రతివాడూ అడుగుతున్నాడు.”

“ఉండరా,” అన్నాడు సాబిర్. “నువ్వు వాళ్ళ కథ చెప్పావు సరే. ఆ నెట్టా మన కథ ఏం చెప్పింది? అది చెప్పు.”

లమీస్ బాల్కనీ వైపు చూసి తల దించుకుంది. “అది చెప్పను.”

“ఉంటే కదా చెప్పడానికి.”

నానమ్మ చేతిలో కత్తి ఆగింది. “నాదేనా?”

లమీస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నీ పేరు చెప్పలేదు నానమ్మా. ఊరి పేరు కూడా.”

“ఏది, కోళ్ళ కథేనా?” అన్నాడు అద్నాన్, తేలికపడి. “అందరికీ తెలిసిందే కదా.”

అందరికీ తెలుసు. పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో, యూదుల సైన్యం వస్తోందని ఊరొదిలి పారిపోతున్నప్పుడు, ఆరేళ్ళ పిల్ల వెనక్కి పరిగెత్తి కోళ్ళగూడు తలుపు తీసిందని, కోళ్ళు ఎగిరి ఇంటి కప్పులెక్కాయని. ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా సాబిర్ నిలబడి, మా అమ్మ ఎంత ధైర్యస్తురాలో చూడండని చెప్పేవాడు.

“నీకొక్కదానికే చెప్పాను,” అంది నానమ్మ లమీస్‌తో.

“తెలుసు.”

“తప్పు చేశావు.”

“తెలుసు నానమ్మా.”

ముసలావిడ కత్తి ఒళ్ళో పెట్టుకుంది. “సరే. ఆ పిల్ల ఎలా చెప్పిందో అలాగే చెప్పు. మీ పెదనాన్న కూడా వింటాడు.”

లమీస్ కుర్చీల మధ్య నేలమీద కూర్చుంది. సన్నటి గొంతుతో మొదలుపెట్టింది. “నాకు ఆరేళ్ళు. కోళ్ళగూడు తీసి రమ్మని అమ్మ పంపింది. సగం దారిలో భయమేసింది. గోడ వెనక కూర్చుని వంద లెక్కపెట్టి, తిరిగెళ్ళి, తీశానని చెప్పాను. అమ్మ నన్ను ముద్దుపెట్టుకుంది.”

సాబిర్ కూర్చున్నాడు.

“ఏడ్చిందా, చెప్పేటప్పుడు?” అడిగింది నానమ్మ.

“లేదు. వంద నిజంగా లెక్కపెట్టింది. హీబ్రూలో మొదలుపెట్టి, ముప్ఫై దగ్గర ఆగి, ఆ పాప అరబ్బీలోనే కదా లెక్కపెట్టి ఉంటుంది అని మళ్ళీ ఒకటి నుంచి అరబ్బీలో అందుకుంది. అరవై దాటాక అన్నీ తప్పులే. ఎవరమూ సరిదిద్దలేదు. బిస్కెట్ల వాడు కూడా నమలడం ఆపేశాడు.”

నానమ్మ తల అడ్డంగా ఊపింది. “నాకప్పటికి ఇరవై దాకానే వచ్చు. ఇరవైని ఐదుసార్లు లెక్కపెట్టాను.”

“నాకు వంద అనే చెప్పావు నానమ్మా.”

“వందే అయింది కదా. కానీ ‘నేను’ అని చెబుతోందంటే సరిగ్గా చెప్పాలి. ఇవాళ వెళ్ళి చెప్పు ఆ పిల్లకి.”

సుహైలా వద్దనబోయింది. నోరు తెరిచాక, వద్దనడానికి కూడా ఓపిక కావాలని తెలిసింది. ఈ ఇంట్లో ఇరవై నాలుగేళ్ళుగా ఆవిడకి తల దువ్వుతోంది, మందులేస్తోంది. ఎప్పుడూ ఆ కథ అడిగిన పాపాన పోలేదు. విన్న కథే కదా అనుకుంది.

లమీస్ క్లాసులకి బ్యాగు తగిలించుకుంటుంటే సాబిర్ ఎటో చూస్తూ అడిగాడు. “ఎన్నింటికి అయిపోతుంది?”

“రాత్రి ఎనిమిదికి.”

“బస్సెక్కకు. నేనొస్తా. లోపలికి రాను, గేటు దగ్గరుంటా. నాకింకా ఆ తమ్ముడు నచ్చలేదు.”

“నచ్చక్కర్లేదు పెదనాన్నా.”

లమీస్ మెట్లు దిగిపోయింది. సాబిర్ తల్లి పక్కకి కుర్చీ జరుపుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, పిల్లాడిలా అడిగాడు. “అయితే అమ్మా, ఆ కోళ్ళు?”

“అదేరా నాకు తెలియనిది,” అంది నానమ్మ. ఆవిడ ఏడవడం సుహైలా మొదటిసారి చూసింది. చప్పుడు లేదు, గడ్డం మాత్రం వణుకుతోంది. “డెబ్భై ఆరేళ్ళుగా అవి గూట్లోనే ఉన్నాయి.”

సుహైలా వెళ్ళి ఆవిడ ముందు నేలమీద కూర్చుని, ఒళ్ళో ఉన్న కత్తి తీసి పక్కన పెట్టింది. “ఎవరో ఒకరు తీసే ఉంటారత్తయ్యా.”

“ఎవరు? ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.”

సుహైలా సాబిర్ వైపు చూసింది. సాబిర్ నేల వైపు చూశాడు.

“తర్వాత మన ఇళ్ళల్లోకి వచ్చినవాళ్ళు,” అన్నాడు చివరికి, ఆ మాట పంటికింద రాయిలా తగులుతుంటే.

నానమ్మ తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంది.

“తీసే ఉంటారు,” అంది. “కోసుకు తినడానికైనా తీసే ఉంటారు.”

ముందు అద్నాన్ నవ్వాడు, ఆపుకోలేక. తర్వాత సాబిర్. నవ్వుతూనే ఆయన తల్లి మోకాళ్ళ మీద తల పెట్టేశాడు, భుజాలు కదులుతుంటే అది నవ్వో ఏడుపో ఎవరూ అడగలేదు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, పెదాలు కదుపుతూ ఏదో అనుకుంటోంది. సుహైలా చెవి దగ్గరగా పెట్టింది.

పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. మళ్ళీ ఒకటి.