అరవై రెండు గదులు, పద్దెనిమిది మంది

“గదుల్లో ఎవరూ లేరని రాసింది మీరేనా?”

మెట్లు దిగుతున్న ఐల్సా ఆగి చూసింది. మరకల కోటు, చేతిలో పానా, చలికి ఎర్రబడ్డ ముక్కు. పాత రసాయన భవనంలో బాయిలర్ చూసుకునే రేయాల్ కోమో.

“నేనే. మూడున్నరకి చూశాను. ఎవరూ లేరు.”

“శుక్రవారం మూడున్నరకా! బయట మంచు తుఫాను కూడానూ. ఆ టైముకి ఈ హాలిఫాక్స్ రేవులో సముద్రపు పక్షులు కూడా ఇంటికి పోతాయి.”

“పక్షుల సంగతి నాకు చెప్పలేదండీ. మనుషుల్నే లెక్కపెట్టమన్నారు.”

వీధికి ఇటూ అటూ ఉన్న రెండు యూనివర్సిటీలకూ చెరొక పాత భవనం ఉంది. రెండూ సగం ఖాళీ. అయినా చలికాలమంతా రెండింటినీ వెచ్చగా ఉంచడానికి చమురు కాలుతూనే ఉంది. వచ్చే చలికాలం నుంచి ఒకటి మూసేసి, రెండోది కలిసి వాడుకుందామనుకున్నారు. ఏది మూయాలో తేల్చే లెక్క రేయాల్‌ది కాక వీధికి అవతల ఉన్న యూనివర్సిటీలో పనిచేసే ఐల్సా చేతిలో పడింది.

“వారం రోజులు నాతో తిరగండి,” అన్నాడు రేయాల్. “ఎప్పుడు చూడాలో నేను చెబుతాను.”

“మీరు చెప్పిన టైముకే చూద్దాం. తర్వాత గొడవ పెట్టుకోకూడదు మరి.”

పదింటికి, పన్నెండింటికి, నాలుగింటికి. అరవై రెండు గదులు. రేయాల్ ఒక్కచోట నిలబడడు. ఏ గదిలోకి వెళ్లినా వేడి పైపు మీద చేయి వేసి చూస్తాడు. అతని వెంట పరుగెత్తడం మొదట్లో చిరాకనిపించింది ఐల్సాకు. బుధవారం అతను ఓట్ కేకులు తెచ్చాడు. మూడో అంతస్తు కిటికీ దగ్గర తింటూ మంచు చూస్తూ ఉండిపోయారు.

“నాలుగో అంతస్తు లెక్కపెట్టనేలేదు!” అంది ఐల్సా హఠాత్తుగా.

“అయ్యో!”

ఇద్దరూ నవ్వుకుంటూ మెట్లెక్కి పరుగెత్తారు.

శుక్రవారం లెక్క తేలింది. ఏ పూట చూసినా పద్దెనిమిది మందికి మించలేదు. ఐల్సా వాళ్ల భవనంలో ఇరవై ఐదుగురు తేలారు. కాగితం చూసి రేయాల్ ముఖం వాడిపోయింది.

“ఓ పది కలిపితే ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది.”

“నా ఉద్యోగం పోతుంది, ఐల్సా గారూ.”

ఆమె కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. అతను వెళ్లిపోయాడు.

తర్వాత పది రోజులు ఐల్సాకు కాలు నిలవలేదు. ఫోన్ బోర్లా పెట్టేది, మళ్లీ తీసేది. రేయాల్ భవనం పొగగొట్టం కేసి చూస్తూ సగం వీధి దాటి వెనక్కి వచ్చేసేది. ఆ నవ్వులూ, ఆ కేకులూ అన్నీ ఈ పది కోసమేనా?

రెండు యూనివర్సిటీల మీటింగులో ఆమె లెక్క చదివింది.

“అవతలివాళ్ల లెక్కని మేమెలా నమ్మాలి?” అన్నారెవరో.

వెనక వరుసలోంచి రేయాల్ లేచాడు. “పక్కన నేనూ ఉన్నాను. లెక్క సరైనదే. పద్దెనిమిది మందికి అరవై రెండు గదులు వేడి చేస్తున్నాను, ఈ చేతులతోనే. మూసేముందు పైపుల్లో నీళ్లు తీసెయ్యాలి. లేకపోతే గడ్డకట్టి పగిలిపోతాయి. ఆ పని మాత్రం నాకే ఇవ్వండి.”

ఐల్సా అతన్ని బయట తడిమంచులో అందుకుంది.

“ఎందుకు చెప్పారు?”

“పది కలపమని అడిగినప్పటి నుంచి నిద్ర లేదు.”

“ఆ ఓట్ కేకులు కూడా అందుకేనా?”

“ఏంటీ! పొద్దున్నే ఐదింటికి లేచి కాల్చాను. దొంగ లెక్క కోసం ఎవరైనా అంత కష్టపడతారా?”

“మరి?”

“నీ కోసం.”

అతను ‘మీ’ అనలేదు, ‘నీ’ అన్నాడు. ఐల్సాకు చెవులు వేడెక్కాయి.

“ఉద్యోగం సంగతి?” అంది మెల్లగా.

“రెండు యూనివర్సిటీల బాయిలర్లూ చూసే మనిషి కావాలట. సోమవారం ఇంటర్వ్యూ. వస్తుందో రాదో.”

“నడుద్దాం పద. నిలబడలేకపోతున్నాను.”

నడుస్తూ రేవు చేరారు. ఫెర్రీ పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లారు. దిగకుండానే ఇవతలికి వచ్చారు. మళ్లీ అవతలికి. మూడోసారి ఫెర్రీ మనిషి దగ్గరకొచ్చాడు.

“ఇంతకీ మీరు ఎక్కడ దిగాలి?”

“ఇంకా అనుకోలేదండీ,” అంది ఐల్సా, రేయాల్ చేయి వదలకుండా.