జవాబిచ్చే తూము

కట్ట మధ్యలో ఉన్న ఆ పాత తూముకి మంచిపేరు ఎన్నడూ లేదు. పెద్ద చెరువుకి అడ్డంగా కట్ట పోసి మొదటిసారి రోడ్డు వేసినప్పుడు, ఒక కూలీ తూము గొట్టం లోపలుండగానే మట్టి పోసేశారంటారు. అప్పట్నుంచి పనివాళ్ళలో ఒక ఆనవాయితీ — మూసేముందు గునపంతో గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టాలి, చెవి ఒగ్గి వినాలి. లోపల మనిషుంటే తిరిగి కొడతాడు.

ఈ తూము మాత్రం మనిషి లేకపోయినా తిరిగి కొడుతుంది.

మా బావ చెప్పగా విన్నాను. కట్టని వెడల్పు చేసి హైవే వేస్తున్న రోజులవి. ఆయన రోలరు డ్రైవరు. పాత తూముని ఆ సాయంత్రమే మూసేశారు; దాని మీద పోసిన కొత్త మట్టిని ఆ రాత్రి అణగదొక్కాలి. ముందు పచ్చి కాంక్రీటు. వెనక కొత్త తూము కోసం కోసిన గండి. రెండు పక్కలా నీళ్ళు. తెల్లారి గండి మీద పలకలు వేసేదాకా ఆయన అక్కడే బందీ.

ఇంజను ఆపి బీడీ తీశాడు.

ఠంగ్… ఠంగ్… ఠంగ్…

కాళ్ళ కిందే!

మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"తూము… కొడుతోంది…"

"సాయంత్రం మూసేటప్పుడూ కొట్టిందన్నా. అది దాని పాత రోగం. ముసుగు తన్ని పడుకో."

బావ లైటు అటు తిప్పాడు. మట్టి అంచున ఒక జత చెప్పులు… బక్కోడని పిలిచే కూలీవి. గొట్టంలో దూరి పూడిక తీసేది వాడొక్కడే.

చూశారా ఘోరం! దెయ్యం కొట్టిందనుకుని బతికున్న మనిషిని పూడ్చిపెట్టారు! ప్రాణం మొత్తుకుంటుంటే పుకారుని నమ్మే జాతి మనది.

బావ పార అందుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి, చిట్లాయి… చివరికి గొట్టం మూతి తెరుచుకుంది. బక్కోడు మెడదాకా మట్టిలో కూరుకుపోయి ఉన్నాడు. ఊపిరుంది! చంకల్లో చేతులేసి బయటికి లాగాడు.

"గట్టోడివిరా! అలా కొడుతూ ఉన్నావు గనక బతికిపోయావు."

"నేను కొట్టలేదన్నా…" వాడు గొట్టం వైపు తిరిగి చూశాడు. "చేతులు రెండూ మట్టిలోనే ఉండిపోయాయి… నా వెనకాల… లోపల… ఎవరో…"

ఠంగ్… ఠంగ్… ఠంగ్…

బావ పార తిరగేసి, గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టాడు — ఉన్నాం, వస్తున్నాం అని.

మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు.