వెర్నా రాసిన బోర్డు

శనివారం పొద్దున్నే డార్లీన్ గోనెసంచీ పట్టుకుని కార్లు నిలిపే వరసల మధ్య తిరుగుతూ, రాత్రి జనం పారేసి పోయిన కాగితపు కప్పులు ఏరింది. ఏరుతూనే ఒక్కో స్తంభానికీ వేలాడే స్పీకర్ తీగ ఊడిందేమోనని లాగి చూసింది. వాళ్ళ నాన్న ఆర్విల్ రోజూ చేసిన పని అది. కారు అద్దానికి తగిలించుకునే ఆ డబ్బా మూగబోతే బొమ్మ ఎంత బాగుండీ ఏం లాభం అనేవాడు.

ఆర్విల్ పందొమ్మిదివందల యాభై రెండులో మొక్కజొన్న చేను చదును చేసి కార్లలోనే కూర్చుని సినిమా చూసే ఈ ఆరుబయటి డ్రైవ్-ఇన్ కట్టాడు. అప్పట్లో ఒహాయో రాష్ట్రంలో ఏ ఊరి పొలిమేరకెళ్ళినా ఇలాంటి తెర ఒకటి కనబడేది. కార్లు హైవే దాకా బారులు తీరేవి. తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది, ఆపైన వీడియో టేపులొచ్చాయి. మొన్న చలికాలంలో ఆర్విల్ పోయాడు. ఎల్లుండి సోమవారం అతని భార్య వెర్నా ఈ నేలను పెద్ద దుకాణం వాళ్ళకి అమ్మి రాసివ్వబోతోంది.

డార్లీన్ ఇంట్లోకొచ్చేసరికి తల్లి గుడ్లు వేయిస్తోంది. అమ్మొద్దనీ, తానే నడుపుతాననీ డార్లీన్ మళ్ళీ మొదలుపెట్టింది. వెర్నా వినీ విననట్టు గుడ్లు తిరగేసింది. దాంతో కూతురికి ఒళ్ళు మండింది.

"నాన్న పోయి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే అమ్మేస్తున్నావు. నీకు మొదట్నుంచీ అదంటే గిట్టదు కదమ్మా?"

వెర్నా పొయ్యి ఆపింది.

"ముప్పైమూడేళ్ళు పాప్‌కార్న్ కౌంటర్లో నిలబడ్డాను పిల్లా. ఒక్క సినిమా మొదట్నుంచి చివరిదాకా చూళ్ళేదు. హీరోయిన్ ఏడుపు వినపడేది, ఎందుకేడుస్తోందో తెలిసేది కాదు. రేపు చూద్దువుగానిలే అనేవాడు మీ నాన్న. నీ బతుకూ ఆ కౌంటర్ కిటికీ వెనకే తెల్లారిపోతుందేమోనని నా భయం."

 డార్లీన్ ఇన్నేళ్ళూ అమ్మ విసుగే చూసింది తప్ప, ఆ విసుగు వెనకున్న ఆశ చూడలేదు. కళ్ళు తుడుచుకుని, ఈ సాయంత్రం కౌంటర్ తాను చూసుకుంటాననీ, అమ్మేమో నాన్న ట్రక్కులో కూర్చుని సినిమా చూడాలనీ అంది. ముసలిదానికి ముచ్చట్లా అని వెర్నా మూతి తిప్పింది.

పొద్దు వాలేసరికి ట్రక్కు నడిమి వరసలో ఆగి ఉంది. వెర్నా చర్చికి వేసుకెళ్ళే నీలం గౌను వేసుకుంది. బొమ్మ ఆలస్యమైతే జనం హారన్లు కొట్టడం అక్కడి అలవాటు. ఆ సాయంత్రం అందరికంటే ముందు మోగింది ఆ ట్రక్కే. కౌంటర్లో డార్లీన్ నవ్వు ఆపుకోలేకపోయింది.

బయటికి పోయే దారిలో ఒక బోర్డు ఉంది. 'స్పీకర్ తీసి స్తంభానికి పెట్టి వెళ్ళండి' అని వెర్నా తన చేత్తో రాసింది. మరిచిపోయి తీగ తెంపుకుపోయినవాళ్ళని ఆవిడ తిట్టిన తిట్లు ఊరంతటికీ తెలుసు. సినిమా ముగిసింది. డార్లీన్ చూస్తుండగానే ట్రక్కు కదిలింది, తీగ పుటుక్కున తెగింది, స్పీకర్ అద్దానికి వేలాడుతూ ఆ బోర్డు దాటిపోయింది.

కాసేపటికి వెర్నా స్పీకర్ చేత్తో పట్టుకుని నడిచొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందన్నమాట," అంది డార్లీన్.

"సినిమా చివర్లో ఆ హీరోయిన్ పిల్ల ఇంటికి తిరిగొచ్చేసిందే. ఇంకేం కనపడలేదు నాకు," అని వెర్నా ఏడుస్తూనే నవ్వింది. తర్వాత స్పీకర్‌ని కూతురి చేతిలో పెట్టింది. "సోమవారం ఆ దుకాణం వాళ్ళని రావద్దని చెప్తాను. కానీ వారానికోరోజు నువ్వు ఆ కౌంటర్లో నిలబడకూడదు. నా పక్కన కూర్చుని సినిమా చూడాలి."

డార్లీన్ తల్లిని గట్టిగా పట్టుకుంది.

"సరేగానీ, రేపు దీనికి కొత్త తీగ వెయ్యి," అంది వెర్నా.