బడి ఇంటర్నెట్‌కు కాపలా

మూడు రోజులుగా వాన వదలడం లేదు. కరీంనగర్ బస్టాండ్ ఎదురుగా జిరాక్స్ దుకాణం మీది గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ సిద్దిరాములు ఒక పెళ్లి సంబంధం విచారణ రిపోర్టు ముగించి, కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాడు. ఆ నెలలో అది తొమ్మిదో సంబంధం. సహాయకురాలు అలేఖ్య కాగితాలు కుట్టిపెడుతుండగా తడిసిన గొడుగుతో ఒకావిడ లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా వెంటనే కూర్చోలేదు.

"నా పేరు షారోన్. చొప్పదండిల ఒక హైస్కూల్‌కు హెడ్‌మిస్ట్రెస్‌ని. పోయిన శుక్రవారం ఏడో తరగతిల పెద్ద తెర మీద పాఠం నడుస్తుంటె బట్టల్లేని బొమ్మలు వచ్చినయ్. నలభై మంది పిల్లలు చూసిండ్రు."

"అడ్డుకునే ఫిల్టర్ లేదా మేడం?"

"ఉంది. కొనే తాకత్ లేక మా కంప్యూటర్ సారు కరుణాకర్ ఉచితంగా దొరికే ప్రోగ్రాంను పాత కంప్యూటర్ల పెట్టి నడిపిస్తుండు. గా చవుక ఫిల్టర్ తోనే గిట్లయిందని తల్లిదండ్రులు గొడవ చేసిండ్రు. సారును సస్పెండ్ చేసిన. సోమవారం వరకు ఖరీదైన ఫిల్టర్ పెట్టె కొనాలంటున్నరు. కొంటే ఫీజు పెంచాలె. పెంచితే కూలోళ్ల పిల్లలు బడి మానేస్తరు." ఆవిడ అప్పుడు కూర్చుంది. "ఫిల్టర్ చెడిపోలేదు, ఎవరో వైరు మార్చిండ్రని సారు అంటుండు. అది నిజమైతే నా స్టాఫ్‌లనే ఎవరో ఒకరు. నాకు గదే భయమైతుంది."

మర్నాడు ఇద్దరూ చొప్పదండి బస్సెక్కారు. బడి పాత రాతి బంగ్లా, గోడలు రెండడుగుల మందం. స్టాఫ్ రూములో అడుగుపెట్టగానే అలేఖ్య ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మూలనున్న అల్మారాలో పాత కంప్యూటర్, పక్కన మోడెం ఉన్నాయి. అల్మారా తాళంచెవి గోడ మేకుకు వేలాడుతోంది.

కబురు అందుకుని వచ్చిన కరుణాకర్ గడ్డం గీసుకుని వారమై ఉంటుంది. "బొమ్మలు రాంగనే తెర బంద్ చేసి ఇక్కడికి ఉరికొచ్చిన సార్. ఫిల్టర్‌కు ఉండాల్సిన వైరు సీదా మోడెంల పెట్టి ఉంది. మళ్ల సరిచేసిన. నా మాట ఎవరూ నమ్మలే."

ఫిల్టర్ నిమిషం నిమిషం ఏం ఆపిందో రాసుకునే చిట్టాను అతను అచ్చు తీసి ఇచ్చాడు. సిద్దిరాములు అరగంట సేపు దాని మీద వేలు జరుపుకుంటూ పోయాడు.

"జూన్ నుంచి ప్రతి శుక్రవారం ఒంటిగంట దాటినంక ఇరవై అయిదు నిమిషాలు ఏమీ రాసి లేదేంది?"

"అన్నం టైం సార్. నేను పిల్లల కాడ ఉంట. కరెంటు పోయిందనుకున్న."

"కరెంటు పోతే కంప్యూటర్ మళ్ల మొదలైనట్టు రాసుకోవాలె గదా?"

కరుణాకర్ కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "రాయలే సార్. నేను గిది చూడనే లేదు."

కిటికీ దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతున్న సైన్స్ టీచర్ జమునను అలేఖ్య పలకరించింది. "ఇక్కడ ఫోన్ కలవదా మేడం?"

"గేటు దాక పోవాలె. వైఫై ఉంది గని వీడియో కాల్స్‌ను ఫిల్టర్ ఆపుతది," అంది జమున, పేపర్ మీది నుంచి తల ఎత్తకుండా.

ఆ ఖరీదైన ఫిల్టర్ పెట్టె అమ్మడానికి ఆదిలాబాద్ నుంచి వచ్చిన అంబదాస్ ఆ పూట వరండాలోనే ఉన్నాడు. ఈ గొడవకు రెండు రోజుల ముందు అతను అల్మారా తెరిచి చూసి పోయాడని షారోన్ చెప్పింది.

"మొదటిసారి ఎప్పుడొచ్చినవ్?" అడిగాడు సిద్దిరాములు.

"ఆగస్టులనే సార్. అంతకుముందు గీ ఊరే తెల్వదు."

సిద్దిరాములు షారోన్‌ను హాజరు పట్టీ అడిగి తీసుకున్నాడు. గోడ క్యాలెండర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

సాయంత్రం అందరినీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టారు. తల్లిదండ్రుల తరఫున హనుమండ్లు వచ్చాడు. దుబాయిలో పదకొండేళ్లు పనిచేసి తిరిగొచ్చిన రైతు. ఏడో తరగతిలో అతని బిడ్డ ఉంది.

"ఫిల్టర్ మంచిగనే ఉంది," అన్నాడు సిద్దిరాములు అలసిన గొంతుతో. "వైరు మోడెంల ఉంటే ఎంత ఖరీదైన పెట్టె అయినా పక్కనే కూసుంటది. అంబదాస్ వచ్చింది ఆగస్టుల, చిట్టాల ఖాళీలు జూన్ నుంచి ఉన్నయ్. గా టైముల కరుణాకర్ సారు పిల్లల కాడ ఉంటడు. చెడు చేద్దామనుకున్నోళ్లు వారం వారం వైరు మళ్ల సరిగ్గ పెట్టరు. ఎవరికో అరగంట ఫిల్టర్ లేని ఇంటర్నెట్ కావాలె, అంతే."

"శుక్రవారమే ఎందుకు?" అన్నాడు హనుమండ్లు.

"గది మీకే ఎక్కువ తెలుసు. గల్ఫ్‌ల సెలవు ఏ రోజు?"

"శుక్రవారమే," అన్నాడు హనుమండ్లు.

"శుక్రవారం గాక ఇంకొక్క రోజు ఖాళీ ఉంది. జూన్ ఇరవై ఎనిమిది, బుధవారం. మనకు బక్రీద్ సెలవు గురువారం, అక్కడ బుధవారమే. జులైల ఒక శుక్రవారం మాత్రం ఖాళీ లేదు. గా రోజు సెలవుల ఉన్నది ఒక్క టీచరే." అక్కడితో ఆగి, సిద్దిరాములు హాజరు పట్టీ మూసేశాడు. పేరు చెప్పలేదు.

జమున లేచి నిలబడింది.

"నేనే సార్. మా ఆయన కువైట్‌ల ఉంటడు, సెలవునాడే వీడియో కాల్ చేస్తడు. ఇంట్ల అత్తమ్మ ముంగట కష్టం చెప్పుకోడు. గేటు కాడ అందరి ముంగట ఏడ్వలేను. కరుణాకర్ సారు వైరు మార్చంగ ఒకసారి చూసిన. పోయిన శుక్రవారం కంపెనోళ్లు పాస్‌పోర్టు ఇస్తలేరని ఆయన ఏడ్సిండు. బెల్లు కొట్టిండ్రు. వైరు సంగతి యాదికి రాలే."

"సారును సస్పెండ్ చేసినంక?" అడిగింది షారోన్.

"రోజూ చెప్దామనుకునే వస్తున్న మేడం. నోరు రాలే."

కరుణాకర్ నేల వైపు చూస్తూ అన్నాడు. "ఒక్క మాట చెప్తే మీ ఫోన్ ఒక్కదానికి గా అర్ధగంట తెరిచిపెట్టేటోన్ని మేడం. గీ ఫిల్టర్ల గంత సౌలత్ ఉంది."

జమున రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఏ కంపెనీ?" అని ఆమెను అడిగాడు హనుమండ్లు. ఆమె చెప్పింది. "పాస్‌పోర్టు సంగతి ఎవరికి చెప్పాలెనో నాకెరుకే. ఆయన నంబర్ ఇయ్యి. గని టీచరమ్మా, మా పిల్లలు చూసింది చూసిండ్రు. సోమవారం తల్లిదండ్రుల ముంగట నువ్వే నిలబడి చెప్పాలె."

"చెప్త," అంది జమున.

షారోన్ సస్పెన్షన్ కాగితం చింపి, మేకు మీది తాళంచెవి తీసి కరుణాకర్ చేతిలో పెట్టింది. అంబదాస్ తన సంచి సర్దుకుని, వాన తగ్గే దాకా ఆగకుండానే వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో అలేఖ్యకు నిద్ర రాలేదు. "పండుగ ఒక రోజు తేడా ఎట్ల పట్టుకున్నరు సార్? నేను గా తారీఖు రెండుసార్లు చూసి కూడ ఊకున్న."

"మా అన్న మస్కట్‌ల ఉన్నన్ని రోజులు మా వదిన రెండు దిక్కుల పండుగ తారీఖులు లెక్కవెట్టుకునేది."

"రిపోర్టుల పేరు రాయాల్నా సార్?"

"వైరు మారింది, ఫిల్టర్ మంచిగుంది అని రాయి. పేరు సోమవారం ఆమెనే చెప్పుకుంటది." సిద్దిరాములు కిటికీ ఊచకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఈసారన్న నిజమైన దొంగ దొరికితే బాగుండేది, అలేఖ్యా."