ముందు సీటు

అన్యాయం ఎవరికి జరిగింది? ఒక కార్ మెకానిక్‌కు. ఎలా జరిగింది? ఒక అబద్ధపు రిపోర్టు వల్ల. దానిని రాసినవాడు ఏజెంట్ సెవెన్, ఆ మెకానిక్‌కు స్వయానా బావమరిది.

మూడేళ్ల క్రితం కొండదారిలో సీక్రెట్ సర్వీస్ కారు ఇంజన్ మరిగి ఆగిపోయింది. రహస్య పత్రాలు విదేశీ ముఠా పాలయ్యాయి. ‘ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను మెకానిక్ నింపలేదు’ అని సెవెన్ రాశాడు. బావ ఉద్యోగం పోయింది. అక్క మాటలు మానేసింది.

ఈ ఉదయం చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

“ఒంటిగంటకు సైంటిస్టును అదే దారిలో ఎయిర్‌పోర్టుకు చేర్చాలి. టాక్సీ డ్రైవర్ వేషం. కోడ్ ‘వాన తగ్గింది’. మేడమ్ తోడు వస్తుంది.”

మేడమ్ సర్వీస్‌లోని దుబాసీ. ఆమె నడిచిన వరండాలో అరగంట సేపు సెంటు వాసన నిలిచేది.

సెవెన్ బానెట్ ఎత్తాడు. నిన్న నింపిన కూలెంట్ సగానికి పడిపోయింది. అతడు తలవంచుకుని బావ షెడ్డుకు వెళ్లాడు.

“ఏమయ్యా, ఈసారి ఏం రాయడానికొచ్చావు?”

“కూలెంట్ తగ్గిపోతోంది బావా.”

ఇంజన్ చల్లారాక బావ రేడియేటర్ మూత తీసి ప్రెషర్ పంపు బిగించాడు. పంపు మీది ముల్లు మెల్లగా దిగసాగింది, అంటే ఎక్కడో లీకు. కింద చుక్క లేదు. ఆయిల్‌లో నీరు కలవలేదు. బావ ముందు సీటు కింద కార్పెట్ తడిమి, తడిసిన వేళ్లను సెవెన్ ముక్కు దగ్గర పెట్టాడు.

“తియ్యగా ఉంది. మేడమ్ సెంటు.”

“కూలెంట్ రా అది. డాష్‌బోర్డు కింద హీటర్ పైపుకి సూది బెజ్జం పెట్టారు. ఇంజన్ వేడెక్కి ప్రెషర్ పెరిగితేనే కారుద్ది. ఆ రోజు కూడా ఈ వాసనేనా?”

“అవును.”

“అద్దం లోపల మసకబారిందా?”

“బారింది.”

“మరి రాయలేదేం?”

సెవెన్ నేల చూపులు చూశాడు. “రాస్తే ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టానని తెలిసిపోయేది. రూల్ ఒప్పుకోదు.”

బావ పానా అందుకున్నాడు. హీటర్‌కు వెళ్లే రెండు పైపులనూ తప్పించి, ఇంజన్ వైపే ఒక గొట్టంతో కలిపాడు. కూలెంట్ పోసి, ఇంజన్ నడిపి, గాలి బుడగలు పోగొట్టాడు. చల్లారాక మళ్లీ పంపు కొట్టాడు. ముల్లు కదలలేదు.

సెవెన్ చీఫ్‌కు ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం కొండదారి మూడో మలుపులో ముఠా జీపు కాచుకుని ఉంది. పక్క సీట్లోని మేడమ్ మృదువుగా అంది: “ఇంజన్ వేడెక్కినట్టుంది. ఆపండి.”

“ముల్లు మధ్యలోనే ఉంది మేడమ్. వాన తగ్గింది.”

ఆమె జడలోని పిన్ను అతడి మెడకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. వెనుక సీటులోని ‘సైంటిస్టు’ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పెట్టుడు గడ్డం ఊడి చీఫ్ ముఖం బయటపడింది. వెంటబడిన జీపు నేరుగా నాలుగో మలుపులోని కమాండోల చేతికి చిక్కింది.

సాయంత్రం సెవెన్ కొత్త రిపోర్టు సమర్పించాడు. ముందు సీటు, సెంటు, అబద్ధం, ఏదీ వదలలేదు.

“నీ ఉద్యోగం పోతుందయ్యా,” అన్నాడు చీఫ్.

“బావకి పోయింది కదా సార్.”

గ్యారేజీ సిబ్బంది అందరి ముందూ ఆ రిపోర్టును అతడే చదివాడు. బావ తిరిగి యూనిఫాం తొడుక్కున్నాడు. ఆ రాత్రి ఇంటి గుమ్మంలో నిలబడ్డ అక్క, మూడేళ్ల తర్వాత, “లోపలికి రా” అంది.

బావ షెడ్డు తాళం అతడి చేతిలో పెట్టాడు.

“నీకిక ఉద్యోగం లేదుగా, షెడ్డు నువ్వు చూసుకో. కూలెంట్ ఎంత పోశావో మాత్రం నిజం రాయి.”