నిగార్ సుల్తాన్ పట్టుమూట

రాకుమారి నిగార్ సుల్తాన్ వజ్రాల పతకం మాయమైంది. పెళ్ళినాడు తండ్రి పాదుషా స్వయంగా పెట్టిన పతకం.

అల్మరాలో పట్టుమూట ఉంది. మూటలో పెట్టె ఉంది. పెట్టె ఖాళీ.

బెషిక్తాష్ పేట పోలీస్ కమిషనర్ తహసీన్ ఎఫెండి వచ్చేలోపే అంతఃపురం దొంగను తేల్చేసింది. ఎదాదిల్. రాకుమారి గది దాసి. తొమ్మిదేళ్ళ ఊడిగం ముగిసి, ఆనవాయితీ ప్రకారం విడుదలైంది. శుక్రవారం బుర్సాలో పెళ్ళి. పోతూ పోతూ చేతివాటం చూపించిందని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. పతకం దొరక్కపోతే శిక్షగా సాయంత్రం ఓడలో సముద్రం అవతల ట్రిపోలీకి ప్రవాసం.

"ముడి చూడండి సార్. హడావిడిలో ఎలా కట్టి తగలేసిందో," అన్నాడు కాపలా పెద్ద జెవ్‌హర్ ఆగా.

తహసీన్ చూశాడు. ముడి వంకర. గుడ్డ నిండా ముడతలు. కట్టారు, విప్పారు, మళ్ళీ కట్టారు. పారిపోయే దొంగకు అంత ఓపికా?

ఒక్కొక్కరినీ పిలిచి మూట కట్టమన్నాడు. ఆగా సణుగుతూనే చిటికెలో కట్టాడు. రాకుమారి భర్త నేజిప్ పాషా ఒకప్పటి సిపాయి, ఒంటిచేత్తో కట్టి నవ్వాడు. ఎదాదిల్ ఏడుస్తూ, చూడకుండానే కట్టింది.

మధ్యాహ్నం అందరినీ రాకుమారి గదిలో నిలబెట్టాడు. ఆమె తెర వెనక. పాషాతో సహా ఎవరూ కూర్చోలేదు. ఆమె కూర్చోమంటే తప్ప భర్త కూడా కూర్చోకూడదు.

"ఏలినవారు మన్నించాలి," అన్నాడు తహసీన్. "ఈ ఇంట్లో మూట కట్టడం రానివాళ్ళు ఒక్కరే ఉండాలి. పుట్టాక ఏనాడూ ఆ అవసరం పడనివాళ్ళు."

ఆగా ముఖం పాలిపోయింది. పాదుషా కూతురి మీద నేరం మోపినవాడి మెడ మీద తల ఎన్నాళ్ళుంటుంది?

తెర కదిలింది. ఒక చెయ్యి బయటికొచ్చింది. అరచేతిలో పతకం.

"దీని మీద అనుమానం ఉంటే బుర్సా పోనివ్వరు, ఇక్కడే ఉంచుతారు అనుకున్నాను," అంది రాకుమారి. "ఓడ ఎక్కిస్తారని నాకెవరూ చెప్పలేదు."

ఎదాదిల్ మోకాళ్ళ మీద పడింది. "ఉండిపోవే అని ఒక్కమాట అడగలేకపోయారా అమ్మా?"

"నేనడిగితే అది హుకుమే అవుతుంది కదే. హుకుం మీద ఉండేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు."

ఎదాదిల్ తెర అంచు కళ్ళకద్దుకుంది. చాలాసేపు ఏడ్చింది. ఉంటానని మాత్రం అనలేదు.

"వెళ్ళిరా," అంది రాకుమారి.

ఎదాదిల్ మర్యాద ప్రకారం వెనక్కి నడుస్తూ గుమ్మం దాటింది. గుర్రబ్బండి చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

మిగిలినవాళ్ళు కదల్లేదు. ఆమె సెలవిస్తే తప్ప గది దాటడానికి లేదు. ఆమె ఇవ్వలేదు. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు కూడా వచ్చి ఆగిపోయింది. పాషా కిటికీ వంక చూస్తున్నాడు. తహసీన్ కాళ్ళు లాగేస్తున్నాయి, మనసు అంతకన్నా బరువుగా ఉంది. తెర ఇవతల ఇంతమంది ఉన్నారన్న ఊరటైనా ఆమెకు దక్కనీ అనుకుని, అతను సెలవు అడక్కుండా ఇంకాసేపు నిలబడ్డాడు.